హైవే మీద గువ్వ... గట్టు రోడ్డు మీద బండ

భీమవరం: కారు ఊరి మొదట్లో ఆగింది. వెనక తలుపులు తెరుచుకున్నాయి. ముందు తండ్రిగారు దిగారు. ఆయన చెయ్యి పట్టుకుని తల్లిగారు దిగారు. అటువైపు నుంచి చెల్లెలు దిగింది. ముగ్గురూ పది అడుగులు నడిచి అవతల నిలబడ్డారు. ఖాళీ అయిన కారు ఏటవాలుగా తిరిగి, ఒక్కొక్క చక్రాన్నే ఎక్కిస్తూ, నత్తలా స్పీడ్ బ్రేకర్ దాటింది. అప్పుడు మళ్లీ అందరూ ఎక్కారు. రావిచెట్టు అరుగు మీద కూర్చున్న పెద్దలకు ఇది పండగ పూట మంచి కాలక్షేపం.

"ఏవండీ, లక్షలు పోసి కొన్న కారెక్కి నడిచి రావడమేంటండీ?" అని ఒకరు ఎకసెక్కమాడితే, "మరేం చెయ్యమంటారండీ, ఎక్కితే కింద ఛాంబర్ తగులుతుందంటున్నాడు మావాడు" అని తండ్రిగారు నవ్వేశారు.

ఈ ముచ్చట ఒక్క ఊరిది కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు, గణపవరం చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాదు, బెంగళూరు నుంచి కొలువుల కుర్రాళ్లు సొంత కార్లలో దిగుతారు. వాటిలో చూడటానికి మామూలు చిన్న కారులాగే ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు వేస్తే మాత్రం లంఘించే రకం ఒకటుంది. కారు ప్రియులు దీన్ని 'హాట్ హ్యాచ్‌బ్యాక్' అంటారు. వెనక డిక్కీ వేరుగా పొడుచుకు రాకుండా, వెనక అద్దంతో సహా పైకి లేచే తలుపున్న కారు హ్యాచ్‌బ్యాక్. దానికే బలమైన ఇంజను బిగించి, కింద స్ప్రింగులు గట్టివి వేస్తే హాట్ హ్యాచ్‌బ్యాక్. అలాంటి కారు కొనాలని ఆశపడుతున్న యువ రైతులు, చెరువుల లీజుదారుల పిల్లలు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి కూడా. అయితే ఇప్పటికే కొన్నవాళ్లు ఏమంటున్నారో వింటే, ఒకే కారు గురించి మాట్లాడుతున్నారా, రెండు కార్ల గురించా అన్న అనుమానం వస్తుంది.

ఎక్కడిదీ రకం?

ఈ రకానికి పేరు తెచ్చింది జర్మనీ కంపెనీ వోక్స్‌వ్యాగన్. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో గోల్ఫ్ జీటీఐ అనే కారును చూపించి, 1976లో అమ్మకానికి పెట్టింది. 1.6 లీటర్ల ఇంజను, 110 గుర్రాల శక్తి. మొదట 5 వేల కార్లు అమ్ముడైతే చాలనుకున్నారట. జనం ఎగబడి కొన్నారు. ఇంటిల్లిపాదీ తిరిగే కారు, సంచులు సామాను పట్టే కారు, అవసరమైతే పెద్ద పెద్ద కార్లను దాటి పోయే కారు ఒక్కటే కావడం అప్పటికి కొత్త. ఇంగ్లండు, ఫ్రాన్సు కంపెనీలూ 1980లలో ఆ దారే పట్టాయి.

మనకు ఈ రుచి ఆలస్యంగా తెలిసింది. 1983 చివర మారుతి 800 వచ్చినప్పుడు దాని శక్తి 40 గుర్రాల లోపే. అదే మనకు విమానంలా అనిపించింది. 2001లో ఫియట్ కంపెనీ పాలియోను 1.6 లీటర్ల ఇంజనుతో దింపినప్పుడు కొందరు సరదాపడ్డారు. ఆ తర్వాత 2013లో వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ వచ్చింది. 1.2 లీటర్ల చిన్న ఇంజనుకు టర్బో తగిలించి 105 గుర్రాల శక్తి రాబట్టారు. 2020లో దీనికే ఒక లీటరు ఇంజను, 110 గుర్రాల శక్తి ఇచ్చారు. పుణె దగ్గర చకన్‌లో తయారైన పోలో 2022లో ఆగిపోయింది. 2015లో ఫియట్ అబార్త్ పుంటో 145 గుర్రాలతో వచ్చి కొద్దికాలమే ఉంది. 2017లో వచ్చిన మారుతి బాలెనో ఆర్ఎస్ 2020 దాకా నడిచింది. 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ వచ్చాయి. ఈ రెండింటికీ 120 గుర్రాల శక్తి ఉంది. జర్మనీ, జపాన్ కార్ల లెక్కలో ఇవేమంత వేడి కార్లు కావు, గోరువెచ్చనివే. మన రోడ్లకు ఆ మాత్రం వేడి చాలు.

ఒరగదు, తూలదు

నడిపే తీరు గురించి అడిగితే యజమానుల ముఖం వెలిగిపోతుంది. హైదరాబాదు నుంచి ఊరికి నాలుగు వందల కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ దూరం నడిపి వచ్చినా భుజాలు లాగవని, స్టీరింగ్‌ను మాటిమాటికీ సరిచేసుకునే పని ఉండదని ఐ20 ఎన్ లైన్ నడుపుతున్న ఒక కుర్రాడు చెబుతున్నాడు. లారీని దాటబోతే మామూలు చిన్న కారు పక్కగాలికి కాస్త జరిగినట్టవుతుందని, ఇది గీత గీసినట్టు పోతుందని అతని మాట. హైవే దిగే చోట వంపు తిరిగేటప్పుడు లోపల కూర్చున్నవాళ్లు పక్కకు ఒరిగిపోరట.

దీనికి కారణం గడ్డి బండి తోలిన రైతుకు ఇట్టే అర్థమవుతుంది. ఎత్తుగా మోపు వేసిన బండి మలుపులో ఒక పక్కకు వాలుతుంది. బరువంతా ఒక చక్రం మీద పడుతుంది. మోపు తగ్గించి, తాళ్లు బిగించి కడితే వాలడం తగ్గుతుంది. ఈ కార్ల తయారీలోనూ సూత్రం ఇంచుమించు అదే. స్ప్రింగులు, షాకబ్సార్బర్లు గట్టివి వేస్తారు. కొన్ని కార్లను ఇంకాస్త కిందికి దించుతారు కూడా. అబార్త్ పుంటోకు నేలకు, కారు అడుగుకు మధ్య ఎడం 155 మిల్లీమీటర్లే. అంటే జానెడు కూడా లేదు. రెండు బెత్తెలు. మలుపులో కారు ఒరగకపోతే నాలుగు టైర్లూ రోడ్డును సమంగా పట్టుకుంటాయి, తిప్పిన వైపుకు తిప్పినంతే తిరుగుతుంది.

బ్రేకుల మీద కూడా మంచి మాటే వినవస్తోంది. ఐ20 ఎన్ లైన్‌కు, బాలెనో ఆర్ఎస్‌కు నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులున్నాయి. పోలో జీటీ టీఎస్ఐలో డిస్కులు ముందు చక్రాలకే ఉన్నా, కారు జారబోతే తనంతట తాను ఏ చక్రానికి కావాలంటే ఆ చక్రానికి బ్రేకు వేసి దారిలో పెట్టే ఏర్పాటు ఉంది. హఠాత్తుగా గేదె అడ్డం వచ్చినప్పుడు కారు అడ్డదిడ్డంగా పోకుండా నిలబడిందని ఉండి ప్రాంతపు చెరువుల రైతు ఒకాయన చెప్పుకొచ్చారు. తన పాత కారయితే గేదె బతికేది కాదు, తానూ బతికేవాణ్ణి కాదన్నారు.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. ఒరగని కారు ఎంత వేగంలో ఉందో లోపలివాళ్లకు తెలియదు. అంబాసిడర్ 80 దాటితే తలుపులు చెప్పేవి, అద్దాలు చెప్పేవి. ఈ కారు 110లో ఉన్నా లోపల మాటలు వినపడతాయి, పాట వినపడుతుంది. నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు కేంద్రం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. మామూలు రోడ్డు మీద 70. వేగం రెండింతలైతే బ్రేకు పట్టాక కారు ఆగే దూరం నాలుగింతలవుతుంది. కారు ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. పైగా డెల్టాలో రోడ్డు అంటే సగం చోట్ల కాలవ గట్టే. పొలం హద్దు వెంట పోయి లాకుల దగ్గర ఒక్కసారిగా అడ్డం తిరుగుతుంది. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్కన ధాన్యం ఆరబోస్తారు. తడి గడ్డి మీద, చేపల లారీలు, రొయ్యల వ్యాన్లు కార్చుకుంటూ పోయే నీళ్ల మీద ఏ ఖరీదైన టైరూ నిలబడదు. గట్టు దిగితే కాలవే. మలుపులో కారు బాగా తిరుగుతుందని హైవే మీద నేర్చుకున్న ధైర్యాన్ని గట్టు రోడ్డు మీద చూపించబోయే కుర్రాళ్లను చూసి ఇంటి పెద్దలు భయపడుతున్నారంటే అందులో తప్పులేదు.

ఆ ముప్పై కిలోమీటర్లు

సుఖం సంగతికి వస్తే కథ మారుతుంది. మొదట చెప్పిన కుటుంబంలోనే జరిగిన ఒక సంగతి వింటే చాలు.

ఆ ఇంటి తల్లిగారికి విజయవాడలో మోకాలి ఆపరేషను అయింది. వారం తర్వాత ఇంటికి పంపారు. కొడుకు తన పోలో తెచ్చి, ముందు సీటును వెనక్కి వాల్చి, కాళ్ల కింద దిండు పెట్టి ఆవిడను కూర్చోబెట్టాడు. ఏలూరు దాటి నారాయణపురం వరకు ఎనభై కిలోమీటర్ల పైచిలుకు నాలుగు వరుసల రోడ్డు. హనుమాన్ జంక్షన్ రాకముందే ఆవిడ నిద్రపోయారు. ఏలూరు వచ్చిందీ పోయిందీ ఆవిడకు తెలియదు. కారు కుదుపు లేకుండా, అటూ ఇటూ ఊగకుండా పోయింది. కొడుకు మనసులో మురిసిపోయాడు.

హైవే దిగాక మిగిలింది ముప్పై కిలోమీటర్ల లోపే. అందులో ఆఖరి తొమ్మిది కిలోమీటర్లు గట్టు రోడ్డు. మొదటి గతుకుకే ఆవిడ లేచి కూర్చున్నారు. రెండో గతుకుకు "ఒరేయ్ నాన్నా, నెమ్మదిగా పోనీరా" అన్నారు. కారు అప్పటికే నడకతో సమానంగా పోతోంది. నెమ్మదిగా పోనిచ్చినా ప్రతి గుంటా దెబ్బ కొట్టినట్టు మోకాలికి తగులుతోంది. నాలుగో కిలోమీటరు దగ్గర ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కొడుకు కారు ఆపేసి ఎదురింటివారికి ఫోను చేశాడు. వాళ్ల ఇన్నోవా వచ్చింది. నలుగురు పట్టుకుని ఆవిడను ఇందులోంచి అందులోకి మార్చారు. లోతుగా ఉన్న సీటులోంచి, ఆపరేషన్ చేసిన కాలితో, ఆవిడను లేపడమే పెద్ద ప్రయాస అయింది. ఎండలో రోడ్డు పక్కన పావుగంట పట్టింది. ఆ రోజు ఇంటికొచ్చాక తండ్రిగారు ఒక్క మాటే అన్నారట: "ఈ కారు నీకు బాగుందిరా. మాకు కాదు."

ఆ అబ్బాయి చాలా రోజులు ఆ మాట మరిచిపోలేదు.

గట్టి స్ప్రింగు చేసే మేలూ కీడూ రెండూ ఒకచోట నుంచే వస్తాయి. మలుపులో కారును ఒరగనివ్వని గట్టిదనమే, గుంట వచ్చినప్పుడు చక్రాన్ని పైకి లేవనివ్వదు. చక్రం లేవకపోతే దెబ్బ కారు పెట్టెకు, పెట్టె నుంచి సీటుకు, సీటు నుంచి నడుముకు చేరుతుంది. వేగం మీద చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను ఇవి చక్కగా మింగేస్తాయి. నెమ్మదిగా పోయేటప్పుడు పెద్ద గుంటను మాత్రం మింగలేవు. నెమ్మదిగా పోతే సుఖం అన్న మన పాత లెక్క ఇక్కడ సరిగ్గా పనిచేయకపోవడమే యజమానులకు వింతగా ఉంటోంది.

అంబాసిడర్ తిరిగిన తరం వారికి సుఖం అంటే వేరు. వెనక కమాన్ కట్టలు, సోఫాలాంటి సీటు, ఎక్కితే కారంతా తల ఊపినట్టు ఊగడం. ఆ కారు మలుపు తిరిగితే పడవ తిరిగినట్టుండేది. అయినా అదే రాజసం. 2014లో దాని తయారీ ఆగిపోయిన తర్వాత కూడా ఈ ప్రాంతపు పెద్దలు ఏ కొత్త కారు ఎక్కినా దానితోనే పోలుస్తారు. కుర్రాళ్లకు ఆ ఊగుడు కడుపులో తిప్పుతుంది. వీళ్లకు గట్టిగా పట్టుకున్న సీటే సుఖం. నాలుగు వందల కిలోమీటర్లు నడిపినవాడికి నడుం నొప్పి రాకపోవడం కూడా సుఖమే కదా అని వాళ్ల వాదన. అదీ నిజమే. ముందు సీట్లు నడుముకు రెండు పక్కలా ఆనుకుని, తొడలకు ఆధారమిచ్చేలా ఉంటాయి. నడిపేవాడి సుఖం వేరు, వెనక కూర్చున్నవాడి సుఖం వేరు.

వెనక సీటు గురించి ఎవరూ గొప్పగా చెప్పలేదు. పోలో ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్య దూరం 2,470 మిల్లీమీటర్లు. ఐ20కి 2,580. ఆ 11 సెంటీమీటర్ల తేడా అంతా వెనక కూర్చున్నవారి మోకాళ్ల దగ్గరే కనపడుతుంది. పొడుగు మనుషులు పోలో వెనక కూర్చుంటే మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. ఐ20లో కాళ్లు చాపుకోవచ్చు కానీ, ఎన్ లైన్‌లో మామూలు ఐ20 కన్నా స్ప్రింగులు గట్టివి. సీట్లు నల్లగా ఉండి, లోపల చీకటిగా అనిపిస్తుందని ఆడవారి ఫిర్యాదు. ఎక్కడం దిగడం ముసలివారికి కష్టం. కూర్చోవడం దేవుడెరుగు, లేవాలంటే ఇద్దరు కావాలని ఒక బామ్మగారు తేల్చేశారు. వెనక నుంచి వచ్చే పొగ గొట్టం చప్పుడు కుర్రాళ్లకు సంగీతం. అర్ధరాత్రి ఊళ్లోకి వస్తే కుక్కలన్నీ లేస్తాయి.

రోడ్డుదీ ఉంది తప్పు

కారునే అనడం న్యాయం కాదు. డెల్టాలో నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన తారు రోడ్డు ఎంత బాగా వేసినా కొన్నేళ్లకు అలలు అలలుగా తయారవుతుంది. నాట్లకు ముందు ఇనుప దమ్ము చక్రాలు తీయకుండానే ట్రాక్టర్లను రోడ్డెక్కిస్తారు. ఆ ఇనుప పళ్లు తారును చెక్కేస్తాయి. పట్టుకుంటే జరిమానా అంటారు, తెల్లవారుజామున పట్టుకునేదెవరు? చెరువుల పుణ్యమా అని బరువు లారీలు సన్న రోడ్ల మీద రాత్రంతా తిరుగుతాయి. చెరువు గట్టుకు, రోడ్డుకు మధ్య నీరు పోయే దారి లేక రోడ్డు అడుగు మెత్తబడిన చోట్లు కూడా ఉన్నాయి.

స్పీడ్ బ్రేకర్ల సంగతి మరీ ఘోరం. వీటికి భారత రోడ్ల కాంగ్రెస్ ఒక కొలత పెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, రోడ్డు పొడవునా వెడల్పు 3.7 మీటర్లు. అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగే గుట్ట. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటాలని లెక్క. ముందు హెచ్చరిక బోర్డు, మీద తెల్లరంగు ఉండాలి. ఊళ్లలో జరిగేదేమిటంటే, ఏదో ప్రమాదం జరిగిన మర్నాడు మిగిలిన తారు, కంకర తెచ్చి మోకాళ్ల కట్టలా పోస్తారు. ఎత్తు జానెడు, వెడల్పు గజం. రంగు ఉండదు. పిల్లలు బడికి పోయే దారిలో స్పీడ్ బ్రేకర్ వద్దనేవాళ్లు ఎవరూ లేరు. కానీ కొలత తప్పిన కట్ట కారు అడుగునే కాదు, స్కూటరు మీద పోయే చూలాలి నడుమునూ విరుస్తుంది. పోలోకు అడుగు ఎడం ఇంచుమించు 165 మిల్లీమీటర్లు. నలుగురు ఎక్కి, పండగ వెళ్లేటప్పుడు డిక్కీలో బియ్యం బస్తా, ఊరగాయ జాడీలు వేసుకుంటే అది ఇంకా తగ్గుతుంది. తగిలేది ఇంజను కింద ఆయిల్ ఛాంబర్. అది పగిలి ఆయిల్ పోయిన సంగతి గమనించకుండా నడిపితే ఇంజనే పోతుంది.

బియ్యం బస్తా మాట వచ్చింది కనుక, దాని గురించి యజమానులు చెప్పే వింత ఒకటుంది. ఖాళీగా వచ్చేటప్పుడు ఎగిరెగిరి పడిన కారు, తిరుగు ప్రయాణంలో బస్తా పడ్డాక మెత్తగా పోతుందట. ఇందులో మాయ లేదు. గట్టి స్ప్రింగుకు తగిన బరువు పడితే అది వంగుతుంది. ఖాళీ లారీ ఎగిరినట్టు లోడు లారీ ఎగరదు కదా. అయితే వెనక బరువెక్కితే ముందు లైట్లు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో కొడతాయి. లైట్లు దించుకునే మీట స్టీరింగ్ పక్కనే ఉంటుంది. వాడేవాళ్లు తక్కువ. నిండు బరువుకు టైర్లలో గాలి కూడా పెంచుకోవాలి. ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గరో, పెట్రోలు మూత లోపలో అతికించిన చీటీలో ఉంటుంది.

టైరు దగ్గరే ఉంది కిటుకు

ఇంతకీ ఆ మోకాలి ఆపరేషను తల్లిగారి కారు సంగతి. కొడుకు భీమవరంలో ఒక పాత మెకానిక్‌కు కారు చూపించాడు. ఆయన బానెట్ ఎత్తలేదు. వంగి టైరు చూశాడు. "ఇవి కారుతో వచ్చినవి కాదు కదా బాబూ?" అన్నాడు. కాదు. మొదట కొన్న యజమాని అందం కోసం 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాడు. ఈ అబ్బాయి సెకండ్ హ్యాండ్‌లో వాటితోనే కొన్నాడు.

కంపెనీ ఇచ్చే టైరు 185/60 ఆర్15. చక్రం అంచు నుంచి నేల దాకా టైరు మందం 111 మిల్లీమీటర్లు. 17 అంగుళాల చక్రానికి వేసిన టైరు 205/45. దాని మందం 92 మిల్లీమీటర్లు. అంటే గతుకును మొదట మింగాల్సిన గాలి పరుపు రెండు సెంటీమీటర్లు పలచబడింది. చక్రం బరువు పెరిగింది. చెక్క చక్రం బండికీ, రబ్బరు టైర్ల బండికీ తేడా తెలిసిన రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. దానికి తోడు ఆ టైర్లలో గాలి చీటీలో ఉన్నదానికన్నా చాలా ఎక్కువ ఉంది. పంక్చర్ షాపుల్లో అడక్కుండానే కొంచెం ఎక్కువే కొడతారు, మళ్లీ రావక్కర్లేకుండా.

పలచని టైరుతో ఇంకో ముప్పు కూడా ఉంది. పదునైన గుంట అంచుకు కొట్టుకుంటే టైరు పక్క గోడ చక్రానికి, రాయికి మధ్య నలిగి లోపల నారలు తెగుతాయి. పైకి చిన్న బుడిపెలా ఉబ్బుతుంది. ఆ బుడిపె ఉన్న టైరు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. ఈ కార్లు తెచ్చేవాళ్లలో రిమ్ము వంగిందనో, టైరు ఉబ్బిందనో ఏడాదికి ఒకసారైనా రానివాళ్లు లేరని భీమవరంలో చక్రాలు సరిచేసే షాపువారు అంటున్నారు.

అబ్బాయి మెకానిక్ మాట విని 17 అంగుళాల చక్రాలు అమ్మేసి, కంపెనీ కొలత 15 అంగుళాలవి పాతవి సంపాదించి వేయించాడు. గాలి చీటీ ప్రకారం పెట్టించాడు. వెనక రెండు షాకబ్సార్బర్లు ఆయిల్ కారుతుంటే మార్పించాడు. హైవే మీద మలుపులో మునుపటి పదును కాస్త తగ్గిందని ఒప్పుకుంటాడు. స్టీరింగ్ తిప్పిన క్షణానికే తిరిగేది, ఇప్పుడు రెప్పపాటు ఆలోచించి తిరుగుతుందట. గట్టు రోడ్డు మీద మాత్రం వేరే కారులా ఉందని చెల్లెలే చెబుతోంది.

కొనబోయేవాళ్లకు

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లకు ఈ యజమానులంతా చెప్పే మొదటి మాట, షోరూం పక్కన నున్నటి రోడ్డు మీద కాకుండా, సొంత ఊరి రోడ్డు మీద నడిపి చూడమని. ఒక్కరే కాదు, ఇంట్లో పెద్దవారిని వెనక కూర్చోబెట్టి. ముందు రోడ్డు మీద, చేతులు వదులుగా పట్టుకుంటే కారు ఒక పక్కకు లాగుతోందా చూడాలి. టైర్ల అరుగుదల ఒక అంచునే ఉంటే చక్రాల వంపు తప్పినట్టే. కారును గుంట మీదికి ఎక్కించి, కింద ఆయిల్ ఛాంబర్‌కు సొట్టలున్నాయేమో చూడాలి. చిన్న గతుకుకే కింద టకటక చప్పుడు వస్తే రబ్బరు బుష్‌లు పోయాయన్నమాట. గట్టి స్ప్రింగుల కార్లకు మన రోడ్ల మీద ఇవి త్వరగా పోతాయి.

గేర్ల సంగతి కూడా. 2013 నుంచి 2020 దాకా వచ్చిన పోలో జీటీ టీఎస్ఐకి ఏడు గేర్ల ఆటోమేటిక్ పెట్టె ఉంది. రెండు క్లచ్‌లతో చకచకా గేర్లు మారడం దాని గొప్ప. బ్రేకు వదిలీ పట్టీ అంగుళం అంగుళం పాకే ట్రాఫిక్‌లో ఆ క్లచ్‌లు వేడెక్కుతాయి. అందులో దోషం వస్తే భీమవరంలో బాగయ్యే పని కాదు, విజయవాడో రాజమండ్రో తీసుకెళ్లాలి, ఖర్చు చిన్నది కాదు. నత్తలా స్పీడ్ బ్రేకర్లు ఎక్కించి దించే మన వాడకం దానికి అసలు పడదు. కనుక కదలడంలో వణుకు, మొదటి రెండు గేర్ల దగ్గర కుదుపు ఉంటే ఎంత చవకగా వచ్చినా వదిలేయమని అనుభవజ్ఞుల సలహా. మామూలు గేర్లున్న కారు దొరికితే పల్లెకు అదే నయం.

ఉన్న పొలం కౌలు డబ్బులతో, లేదా ఒక పంట రొయ్యలు బాగా పండాయని ఉత్సాహంతో ఈ కారు కొనేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో అదొక్కటే కారైతే, రోజూ తిరిగేది గట్టు రోడ్డే అయితే, ఇది తగిన కారు కాదని నడిపినవాళ్లే చెబుతున్నారు. నెలకు రెండుసార్లు హైవే మీద దూరం పోయేవాడికి, ఇంట్లో ముసలివాళ్లకు వేరే బండి ఉన్నవాడికి మాత్రం ఇచ్చిన డబ్బుకు తగిన ఆనందం ఇస్తుంది.

ఆ అబ్బాయి కారు అమ్మలేదు. తల్లిగారు ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు. మోకాలు చూపించుకోవడానికి ఈ మధ్య మళ్లీ విజయవాడ వెళ్లవలసి వస్తే ఇన్నోవా తెప్పించమంటారేమోనని కొడుకు అడగకుండా ఊరుకున్నాడు. ఆవిడే వచ్చి పోలో ముందు సీటులో కూర్చున్నారు. గట్టు రోడ్డు మీద రెండుసార్లు "అబ్బా" అన్నారు గానీ ఆపమనలేదు. ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ దగ్గర మాత్రం తలుపు తీసుకుని దిగి, పది అడుగులు నడిచి, అవతల నిలబడ్డారు.

ఆ కట్టను కొలత ప్రకారం సరిచేయాలని, కనీసం తెల్లరంగు వేయాలని గ్రామస్థులు పంచాయతీని కోరుతున్నారు.